ఇద్దరు వియ్యపురాళ్ళ ఒక్క మాట

కళ్ళజోళ్ళ కొట్టు,
అక్షరాల బోర్డు ఎదుటి కుర్చీ,
జనవరి

వదినగారికి,

ముందు క్షేమం అడిగి తర్వాత తగువు పెట్టుకోవాలని మా అమ్మ నేర్పింది కాబట్టి అడుగుతున్నాను. మోకాలి నొప్పి ఎలా ఉంది? కాలేజీ మెట్లు ఎక్కగలుగుతున్నారా? సంతోషం. ఇక తగువు.

నా మనవరాలికి మీరేం నేర్పారు? మీకూ మనవరాలే, కాదనను. కానీ ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా అది నా మనవరాలు.

నిన్న మా అమ్మాయి ఫోను చేసింది. మీ అబ్బాయి పక్కనే ఉన్నాడట. ఇలాంటి కబుర్లు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఫోను మా అమ్మాయి చేతికి వస్తుంది. మన పిడుగు కొన్నాళ్ళుగా పళ్ళు తోముకోవడం లేదట. ఎందుకే అంటే ఎనిమిదేళ్ళ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని చెప్పిందట: "దేవుడున్నాడని అమ్మమ్మ అంది. లేడని నానమ్మ అంది. ఇద్దరూ అబద్ధం చెప్పరు. ఉన్నాడూ లేడూ రెండూ నిజమైతే ఇంక ఏదైనా నిజమే. నానమ్మే నేర్పింది. అందుకని నేను పళ్ళు తోముకోనక్కర్లేదు." బడిలోనూ ఇదే పాట. హోంవర్కు ఎందుకు చెయ్యలేదని అడిగితే టీచరుకి మనిద్దరినీ సాక్ష్యం చూపించిందట. టీచరు వీళ్ళని పిలిపించి అక్షింతలు వేసింది.

ఉన్నట్టుండి దానికా ప్రశ్న ఎందుకు పుట్టిందో నాకు తెలియదు. మనిద్దరికీ ఒకే రోజు ఫోను చేసి అడిగింది. నేను నా మాట చెప్పాను, మీరు మీ మాట చెప్పారు. ఇప్పుడు మీ అబ్బాయీ మా అమ్మాయీ కలిసి తీర్పు చెప్పేశారు. మనిద్దరం ఒక్క మాట మీదికి వచ్చేదాకా వేసవి సెలవులకి పిల్లని మీ ఇంటికీ పంపరు, మా ఇంటికీ పంపరు. ఈత నేర్పే శిబిరంలో పడేస్తారట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడటం నేనిదే చూడటం, అదీ మన మీదే.

నాకు ఆ పిల్ల కావాలి వదినగారూ. పోయిన వేసవిలో, ఆయన పోయిన కొత్తలో, నా వాలకం చూసి పంపలేదు. అప్పుడు నేనూ రమ్మనలేదు. ఈసారి మేడ మీద గదికి రంగు వేయించాను. కిటికీ దగ్గరికి మంచం జరిపించాను. ఆయన పోయాక ఈ ఇంట్లో గట్టిగా నవ్విన మనిషి లేదు.

కాబట్టి తేల్చుకుందాం. ఫోనులో వద్దు. ఫోనులో మీరు నన్ను ఒక్క వాక్యం పూర్తి చెయ్యనివ్వరు, మధ్యలో "అంటే ఏమిటి" అంటారు. దేవుడున్నాడని నేను ఉత్తరంలో రుజువు చేస్తాను. మీరు ఒప్పుకోండి. పిల్ల వస్తుంది.

ఇట్లు,
కొట్టు తెరిచి మీ జవాబు కోసం కూర్చున్న
మీ వదిన


కాలేజీ స్టాఫ్ రూమ్,
ఫ్యాను గాలి తగలని మూల బల్ల,
జనవరి చివర

వదినగారూ,

మోకాలు అలాగే ఉంది. తర్కం చెప్పే మనిషికి మూడో అంతస్తులో క్లాసు వెయ్యడం ఏ తర్కమో ఈ కాలేజీవాళ్ళనే అడగాలి.

పిడుగు సంగతి విని నేను సిగ్గుపడాలి. పడలేదు. నిజం చెప్పాలంటే స్టాఫ్ రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను. మా రెండో సంవత్సరం పిల్లల బుర్రకి ఇదే విషయం ఎక్కించేసరికి నా తలప్రాణం తోకకొస్తుంది. అది ఫోనులో ఒక్కసారి వింది, పళ్ళ దగ్గర వాడేసింది. చూడండి ఎంత శుభ్రంగా నడిచిందో:

ఒకటి. దేవుడున్నాడు. (అమ్మమ్మ మాట.)
రెండు. అయితే "దేవుడున్నాడు, లేదా పళ్ళు తోముకోనక్కర్లేదు" అన్నదీ నిజమే. రెంటిలో ఒకటి నిజమైతే చాలు కదా.
మూడు. దేవుడు లేడు. (నానమ్మ మాట.)
నాలుగు. రెండో లైనులో మొదటి సగం ఎగిరిపోయింది. మిగిలింది పళ్ళు. తోముకోనక్కర్లేదు.

పళ్ళ బదులు హోంవర్కు పెట్టండి, స్నానం పెట్టండి, ఏది పెట్టినా నడుస్తుంది. ఒక ఇంట్లో ఒకేసారి అవుననీ కాదనీ అంటే జరిగేది ఇదే. అందుకే తర్కంవాళ్ళం అన్నిటికంటే ముందు ఆ రెంటినీ ఒక గదిలో ఉండనివ్వం. మీ అమ్మాయీ మా అబ్బాయీ అడిగింది న్యాయమే. ఒక్క మాట ఉండాలి.

సరే, రాయండి. మీ వాదనకి లైను లైనుకీ అంకె వెయ్యండి. నేను రెండే చూస్తాను. బయలుదేరిన చోటు నిజమేనా? అక్కణ్ణించి నడక సరిగ్గా ఉందా? ఏ లైను దగ్గర కాలు విరిగిందో చెప్తాను. విరక్కపోతే ఒప్పుకుంటాను. నా మాట మీద నమ్మకం లేకపోతే మీ దేవుడి మీద ఒట్టేస్తాను.

అన్నయ్యగారు ఉంటే మనిద్దరి మధ్యా కుర్చీ వేసుకుని కూర్చుని ఎవరు ఓడిపోతుంటే వాళ్ళ పక్షం చేరేవారు. ముందు బల్ల దగ్గర ఫ్రేముల మరలు బిగిస్తూ, వీధి మలుపులో పిడుగు కనబడగానే కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని "వచ్చేసింది" అని కేకేసేవారు. నాకింకా ఆ కేక గుర్తుంది. ఈ వేసవికి పిల్ల మీ మలుపు తిరగాలని నాకూ ఉంది. అయినా మీ కోసం తప్పు వాదన ఒప్పుకోను, ముందే చెప్తున్నాను.

ఇట్లు,
ఎర్ర కలం మూత తీసిన
మీ వదిన


కళ్ళజోళ్ళ కొట్టు,
ఫిబ్రవరి

వదినగారికి,

అంకెలు వేశాను. చిన్నప్పుడు ఎక్కాలు రాసినట్టుంది.

ఒకటి. ప్రతిదానికీ ఒక కారణం ఉంది.
రెండు. కాబట్టి అన్నిటికీ ఒక కారణం ఉంది.
మూడు. దాన్నే నేను దేవుడంటాను.

ఇది మా నాన్న చెప్పేవాడు. రెండోది నా సొంతం.

ఒకటి. పనితనం ఉన్నచోట పనివాడుంటాడు.
రెండు. కంటిలో ఉన్నంత పనితనం ఎక్కడా లేదు.
మూడు. కాబట్టి కంటికి పనివాడున్నాడు.

రోజంతా కళ్ళలోకి చూస్తూ బతికే మనిషిని నేను. నల్లగుడ్డులో ఆ గీతలు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. వెలుతురు పడగానే కంటిపాప తనంతట తనే ముడుచుకుంటుంది. అది చూస్తుంటే నాకు ఎవరో చేశారనిపిస్తుంది. అనిపించేది.

ఇవి నేను చాలా ఏళ్ళుగా ఆనుకుని నిలబడ్డవి. నవ్వండి, పర్వాలేదు, కానీ సరిగ్గా చూడండి.

ఇట్లు,
మీ వదిన


కాలేజీ స్టాఫ్ రూమ్,
ఫిబ్రవరి చివర

వదినగారూ,

సరిగ్గానే చూశాను. నవ్వాను కూడా.

మొదటి దానికి ఒకటో లైను నుంచి రెండో లైనుకి వెళ్ళేటప్పుడు కాలు విరిగింది. ప్రతిదానికీ ఒక కారణం ఉంటే ఉండనివ్వండి. దేని కారణం దానిదే కావచ్చు. అన్నిటికీ కలిపి ఒకటే అని ఎక్కడొచ్చింది? మీ కొట్టుకొచ్చే ప్రతి మనిషికీ ఒక ముక్కుంది. కాబట్టి అందరికీ కలిపి ఒకే ముక్కుందా? అలా అయితే మీరు ఒక్క ఫ్రేము అమ్మి కొట్టు కట్టేసుకోవాలి.

రెండోది నడక బాగానే ఉంది. బయలుదేరిన చోటే చిక్కు. పనితనంలా కనిపించేదంతా పనివాడి వల్లే వచ్చిందని మీరు ముందే అనేసుకున్నారు. తేలాల్సింది అదే కదా. ఇంకోటి అడుగుతాను, కోప్పడకండి. కంటిలో అంత పనితనం ఉంటే మీ కొట్టు ముందు అంతమంది ఎందుకు నిలబడతారు? ఆ పనివాడు చేసిన సరుకుకి మరమ్మతులు మీరు చేస్తున్నారు. నేను ఆయన స్థానంలో ఉంటే మీకు మొహం చూపించను.

ఇది రాశాక కాస్త ఎక్కువైందేమో అనిపించింది. కానీ కొట్టెయ్యను, బాగా కుదిరింది.

ఇంకా ఏమైనా ఉంటే పంపండి. మార్చి చివరికల్లా ఈత శిబిరంలో పేరు ఇచ్చెయ్యాలని మా అబ్బాయి గుర్తు చేస్తున్నాడు.

ఇట్లు,
మీ వదిన


కళ్ళజోళ్ళ కొట్టు,
మార్చి మొదట్లో

వదినగారికి,

ముక్కు దెబ్బ బాగా తగిలింది. మీ ఉత్తరం చదివిన రోజు ఒక పెద్దమనిషి ఫ్రేము చూసుకోవడానికి వచ్చాడు. ఆయన ముక్కు చూసి నేను ఆపుకోలేక నవ్వేశాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ పాపం మీదే.

మరమ్మతుల మాటకి మాత్రం నాకు కోపం వచ్చింది. వచ్చి పోయింది. ఎందుకంటే మీరన్నది నేనూ అనుకున్నాను, మీకంటే ముందే, వేరే రకంగా.

ఈసారి అరువు తెచ్చుకున్నాను. మా దగ్గరికి రిటైరైన జడ్జిగారొకరు వస్తుంటారు. ఇల్లు బోరు కొట్టినప్పుడల్లా కళ్ళజోడు మర వదులైందంటారు. ఆయనకి అద్దాలు మార్చేటప్పుడు పెద్ద చిక్కు. "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగితే ప్రతిసారీ ఎక్కువ పవర్ ఉన్నదే బాగుందంటారు. చాలామంది అంతే. పవర్ ఎక్కువైతే అక్షరాలు నల్లగా కనిపిస్తాయి, నల్లగా ఉంటే స్పష్టంగా ఉన్నట్టు అనుకుంటారు. అది వేరు, ఇది వేరు అని నచ్చజెప్పేసరికి నా నోరు నొప్పెడుతుంది. సరే, ఆయన ఇచ్చిన వాదన ఇది. ఇంతవరకూ దీన్ని పడగొట్టినవాడు లేడని ఆయన తీర్పు.

ఒకటి. అంతకంటే గొప్పది ఇంకోటి ఊహించలేనంత గొప్పదాన్ని దేవుడంటాం.
రెండు. అది కనీసం మన ఊహలో ఉంది.
మూడు. ఊహలో మాత్రమే ఉన్నదానికంటే నిజంగా ఉన్నది గొప్పది.
నాలుగు. కాబట్టి అది ఊహలో మాత్రమే ఉంటే, దానికంటే గొప్పది ఊహించగలిగినట్టే. అలా కుదరదన్నాం కదా.
ఐదు. కాబట్టి అది నిజంగా ఉంది.

నాకిది సగమే అర్థమైంది. అర్థమైనంతలో బాగుంది. మేడ మీద గదిలో కూర్చుని చాలాసార్లు చదివాను. తొందరపడకుండా చూడండి వదినగారూ. ఇది నిలబడితే బాగుండును.

ఇట్లు,
మీ వదిన


కాలేజీ స్టాఫ్ రూమ్,
మార్చి

వదినగారూ,

జడ్జిగారికి నా నమస్కారాలు. ఆయన కోర్టులో నేను నిలబడనందుకు సంతోషం.

ఇదిగో, ఆయన అచ్చులోనే ఇంకోటి పోశాను.

ఒకటి. అంతకంటే మంచి వియ్యపురాలిని ఇంక ఊహించలేనంత మంచి వియ్యపురాలిని తలుచుకోండి.
రెండు. ఆవిడ కనీసం నా ఊహలో ఉంది. ఎప్పణ్ణించో ఉంది.
మూడు. ఊహలో మాత్రమే ఉన్న వియ్యపురాలికంటే నిజంగా ఉన్న వియ్యపురాలు మంచిది.
నాలుగు. ఊహలో మాత్రమే ఉంటే, ఆవిడకంటే మంచిదాన్ని ఊహించినట్టే. కుదరదు.
ఐదు. కాబట్టి ఆవిడ నిజంగా ఉంది.

ఎక్కడుందో మీకేమైనా తెలిస్తే చెప్పండి. నా వాటాకి ఎవరొచ్చారో మీకు తెలుసు.

తమాషా పక్కన పెడితే, మూడో లైను చూడండి. ఉండటం అనేది ఎత్తు, రంగులాంటి గుణం కాదు. ముందు మనిషుంటే తర్వాత గుణాలు. కాగితం మీద పవర్ ఎంత బాగా రాసినా కళ్ళజోడు చేతికి రాదు కదా. ఈ అచ్చులో మంచి వియ్యపురాలు, మంచి అల్లుడు, నొప్పి లేని మోకాలు, ఏది పోసినా బయటికి వస్తుంది. అన్నిటినీ పుట్టించే అచ్చుని ఎవరు నమ్ముతారు?

మరి లెక్క తేలిపోయింది.

ఒకటి. మీ మొదటి వాదన కూలింది.
రెండు. రెండోది కూలింది.
మూడు. జడ్జిగారిదీ కూలింది.
నాలుగు. కాబట్టి దేవుడు లేడు.

కింద చోటు వదిలాను, సంతకం పెట్టి తిప్పి పంపండి. పిల్లకి ఇదే మన ఒక్క మాట. వేసవికి పిడుగు ముందు మీ ఇంటికే వస్తుంది, గెలిచినవాళ్ళకి ఆ మాత్రం దయ ఉండాలి.

ఇట్లు,
ఈ వారమంతా మెట్లు నొప్పి తెలియకుండా ఎక్కిన
మీ వదిన


కళ్ళజోళ్ళ కొట్టు,
మార్చి

వదినగారికి,

సంతకం పెట్టాను. కాగితం ఇందులోనే ఉంది. మీ వాదనలన్నీ సరిగ్గా ఉన్నాయి. నాకు ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు.

ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. నేను మిమ్మల్ని ఓడించాలని రాయలేదు. పోయిన ఏడాది ఆయన పోయిన దగ్గర్నుంచీ పొద్దున్నే లేచి కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాను, చిన్నప్పటి అలవాటు. ఎదురుగా ఎవరూ ఉన్నట్టు లేదు. ఖాళీ గదిలో మాట్లాడుతున్నట్టుంది. మా అమ్మాయికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. పిల్ల అడిగినప్పుడు ఉన్నాడని చెప్పాను గానీ, చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అందుకని నా దగ్గరున్నవన్నీ తీసి మీకు పంపాను. మీరు గట్టి మనిషి. మీ చేతిలో విరక్కుండా ఒక్కటి మిగిలితే, ఇంక దాన్ని పట్టుకుని నేను ధైర్యంగా కూర్చోవచ్చు అనుకున్నాను.

ఏదీ మిగల్లేదు. మీ తప్పు కాదు, మీరు ముందే చెప్పారు. పిల్లని పంపించమనండి.

ఇట్లు,
మీ వదిన


ఇంట్లో, వంటగది బల్ల,
మార్చి, మీ ఉత్తరం అందిన రోజే

వదినగారూ,

మీ సంతకం కాగితం చింపేశాను. ముక్కలు చెత్తబుట్టలో ఉన్నాయి, వెతికి అతికించే ఓపిక నాకు లేదు. కాబట్టి అది చెల్లదు.

ముందు నా పరువు సంగతి. ముప్ఫై ఏళ్ళు తర్కం చెప్పాను. మొన్న నేను రాసిన నాలుగు లైన్లు ఏ విద్యార్థి అయినా రాసి ఉంటే సున్నా వేసి, ఆ సున్నా చుట్టూ ఇంకో సున్నా చుట్టేదాన్ని. మూడు వాదనలు కూలాయి, నిజమే. దాంతో తేలింది ఏమిటి? మూడు వాదనలు కూలాయని తేలింది. అంతే. దేవుడు లేడని ఎక్కడ తేలింది? మీ కుర్చీలో కూర్చున్న మనిషికి మీరు మూడు అద్దాలు పెట్టి చూశారు, ఒక్కదానితోనూ అక్షరాలు ఆనలేదు. అంతమాత్రాన గోడ మీద బోర్డు లేదంటారా? మూడో లైను నుంచి నాలుగో లైనుకి వెళ్ళేటప్పుడు కాలు విరిగింది వదినగారూ, అది నా కాలే. గెలుస్తున్నకొద్దీ అక్షరాలు నల్లగా కనబడ్డాయి. స్పష్టంగా ఉన్నాయనుకున్నాను. మీ జడ్జిగారికీ నాకూ తేడా లేదు.

అలాగని మీకు ఊరట కోసం ఉన్నాడని చెప్పను. నేను నమ్మను. మీకు అబద్ధం చెప్తే మీరు నా గొంతు వినే పట్టేస్తారు. కానీ లేడని రుజువు చేశానని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పాను, తప్పు. మీ గది ఖాళీగా ఉందో లేదో నా ఎర్ర కలానికి తెలియదు.

నిలబడితే బాగుండునని మీరు రాశారు. అది చదివి కూడా నేను వియ్యపురాలి హాస్యం ఆడాను. మీ మీద ప్రేమ లేక కాదు, ఆట బాగా వచ్చి. అన్నయ్యగారు ఉంటే ఈసారి మీ పక్షాన కూర్చుని నన్ను తిట్టేవారు.

పిల్లకి చెప్పడానికి కొత్త మాట రాశాను. ఇద్దరం వెనకాడకుండా సంతకం పెట్టచ్చు: "దేవుడు ఉన్నాడు, లేదా లేడు." ఇందులో తప్పు పట్టగలిగినవాళ్ళు ఎవరూ లేరు. దానికి చెప్పి చూడండి.

ఇట్లు,
మెట్లెక్కలేక ఇవాళ సెలవు పెట్టిన
మీ వదిన


కళ్ళజోళ్ళ కొట్టు,
మార్చి చివర

వదినగారికి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత జడ్జిగారి పక్కన మిమ్మల్ని కూర్చోబెట్టుకుని నవ్వాను. ముప్ఫై ఏళ్ళ మేష్టరమ్మ నా ముందు సున్నా వేసుకుంది. ఈ కాగితం మాత్రం నేను చింపను, మీకు అవసరం పడ్డప్పుడు తీసి చూపిస్తాను.

మీ కొత్త మాట పిడుగుకి ఫోనులో చెప్పాను. "అది నాకూ తెలుసు అమ్మమ్మా, దానికి ఇద్దరు పెద్దవాళ్ళు ఎందుకు?" అంది. నాకూ అలాగే అనిపించింది. తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఎందుకంటే అందులో ఏమీ లేదు.

అప్పుడు నేను ముందే అడగాల్సింది అడిగాను. "అసలు నీకెందుకే దేవుడి గోల? ఎవరేమన్నారు?" తలుపు వేస్తున్న చప్పుడు వినబడింది. తర్వాత చెప్పింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను:

"తాతయ్య కళ్ళజోడు పెట్టుకోకుండా వెళ్ళిపోయాడు కదా. అప్పుడు వచ్చినప్పుడు మీ కొట్టు సొరుగులో చూశాను, అందులోనే ఉంది. అక్కడ తాతయ్యకి ఏమీ కనబడదు. మేం కనబడం. దేవుడుంటే కొత్తది ఇస్తాడు. దేవుడు లేకపోతే ఎవరిస్తారు? అందుకని అడిగా. నువ్వు ఉన్నాడన్నావు, నానమ్మ లేడంది. ఇంక అమ్మని అడగలేదు, ఏడుస్తుందని."

పళ్ళూ హోంవర్కూ అన్నీ ఆ తర్వాతేనట. ఏదైనా నిజమే అయితే తాతయ్యకి కనబడుతుందన్నదీ నిజమే అవుతుందని ముందు దానికి వాడి చూసుకుందట. పళ్ళ దగ్గర అది పనిచేస్తోందో లేదో పరీక్ష చేసిందట.

  సాయంత్రం చేస్తానని ఫోను పెట్టేశాను, చెయ్యలేదు. ఒక ఏడాది ఆ పిల్ల దీన్ని మోసింది వదినగారూ. నా కొట్టులోనే, నా సొరుగు దగ్గరే మొదలైంది, నేను చూడలేదు. దీనికి అంకెలు వేసి ఏం లాభం? మీరేమైనా చెప్పగలరా?

ఇట్లు,
మీ వదిన


ఇంట్లో, వంటగది బల్ల,
ఏప్రిల్ మొదట్లో

వదినగారూ,

 మనం దేవుడి కోసం కాలేజీ అంతా, కోర్టు అంతా తిరిగాం. అది అడిగింది ఒక కళ్ళజోడు.

నా దగ్గర ఒక ప్రశ్న ఉంది. అది తర్కం కాదు, మీ వ్యాపారం. పిల్ల వస్తుంటే అన్నయ్యగారు కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని చూసేవారని మొదటి ఉత్తరంలో రాశాను. నిన్న అదే గుర్తొచ్చింది. చూడటానికి పెట్టుకోవాలి గానీ ఎందుకు తీసేసేవారు? సొరుగులో ఉన్నది ఏ కళ్ళజోడు?

త్వరగా రాయండి. శిబిరం వాళ్ళకి వారం ఆగమని మా అబ్బాయితో చెప్పించాను. ఎందుకని అడిగితే "అంటే ఏమిటి" అన్నాను.

ఇట్లు,
మీ వదిన


కళ్ళజోళ్ళ కొట్టు,
ఏప్రిల్

వదినగారికి,

సొరుగు తీశాను. ఏడాదిగా దాన్ని తీయలేదు, పక్క సొరుగుతోనే గడుపుకొచ్చాను. అద్దాల మీద ఆయన వేలిముద్రలు ఉన్నాయి. తుడవలేదు.

చత్వారం కళ్ళజోడు. దగ్గర చూపుకి మాత్రమే. మరలు బిగించడానికీ, పేపరు చదవడానికీ. నేనే పరీక్ష చేసి నేనే ఇచ్చాను, ఎలా మర్చిపోయానో తెలియదు. రోజూ పదిమందికి ఈ తేడా చెప్పే మనిషిని. దూరపు చూపుకి ఆయనకి ఎప్పుడూ కళ్ళజోడు లేదు. బోర్డులో చివరి లైను అందరూ కుర్చీలో కూర్చుని కళ్ళు చికిలించి చదివితే, ఆయన గుమ్మంలో నిలబడి చదివేవారు. అందుకే పిల్ల మలుపు తిరగగానే నాకంటే ముందు ఆయనకి కనబడేది. దూరం చూడాలంటే ఆ కళ్ళజోడు ఆయనకి అడ్డం.

మన ఒక్క మాట రాశాను. నా చేతనైన తీరులో రాశాను, అంకెలు లేవు:

"తాతయ్య ఎక్కడైనా ఉంటే, ఆయన దూరంగా ఉన్నాడు. దూరానికి తాతయ్యకి కళ్ళజోడు అక్కర్లేదు. కాబట్టి ఉంటే, నువ్వు బాగానే కనబడుతున్నావు."

మీరు సంతకం పెట్టగలరా? పెట్టలేకపోతే బలవంతం లేదు, ఇంకో మాట వెతుక్కుందాం.

ఇవాళ పొద్దున కూడా కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు. తెలియకుండానే కూర్చున్నాను. మొన్నటికంటే నయంగా ఉంది.

ఇట్లు,
మీ వదిన


ఇంట్లో, సర్దిన సంచి పక్కన,
ఏప్రిల్

వదినగారూ,

పెట్టాను. పేరు పూర్తిగా రాసి, కింద గీత కూడా గీశాను. "ఉంటే" అని మొదలైన వాక్యం ఉన్నాడని చెప్పదు, లేడని చెప్పదు. ఉంటే ఏమవుతుందో మాత్రం చెప్తుంది. అది నూటికి నూరు పాళ్ళు నిజం. మీరు పరీక్ష చేసి రాసిన పవర్, నేను చూసిన నడక. నా ఎర్ర కలం పెట్టడానికి చోటు లేదు. ఆ "ఉంటే" దగ్గర మాత్రం నేను కాస్త ఆగాను. నిజమైతే బాగుండునని నాకూ అనిపించింది. ఈ సంగతి మా స్టాఫ్ రూమ్‌లో చెప్పకండి.

నిన్న ఫోనులో ఇద్దరం ఒప్పుకున్న మాట అని చెప్పి పిడుగుకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. తర్వాత ఫోను కింద పెట్టేసి ఎక్కడికో వెళ్ళింది. కంగారుపడ్డాను. మా అబ్బాయి ఫోను తీసి, "అమ్మా, పళ్ళు తోముకుంటోంది" అన్నాడు. పక్కన మీ అమ్మాయి గొంతు వినబడింది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఈత శిబిరం లేదు.

శనివారం దాన్ని నేనే తీసుకొస్తున్నాను. మోకాలికి మీ మేడ మెట్లు పడవు, నా పక్క కింది గదిలో వెయ్యండి. బస్సు మీ ఇంటి ముందు ఆగుతుందని తెలుసు. అయినా మలుపు దగ్గరే దిగి నడుస్తాం, అది పట్టుబట్టింది. మలుపు తిరగగానే చెయ్యి ఊపుతుందట. ముందు తాతయ్యకట, తర్వాత మీకట.

"తాతయ్య ఉంటే చూస్తాడు నానమ్మా. లేకపోతే చెయ్యి ఊపితే పోయేదేముంది?" అంది.

ఈ వాదన పాతది. ప్రతి ఏడాదీ ఒక క్లాసు మొత్తం దీన్ని తిట్టిపోస్తాను, ఏ లైను దగ్గర కాలు విరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. దానికి మాత్రం చెప్పలేదు. నేను కూడా ఊపుతానన్నాను.

మీరు గుమ్మంలో నిలబడండి.

ఇట్లు,
మీ వాటాకి వచ్చిన
మీ వదిన